మూడో గిన్నె బిబింబాప్

సీమంతం రోజు గాజులు తొడిగాక హరిత నోటిని ముఖం నుంచి ఊడదీసి తాంబూలం పళ్ళెంలో పెట్టి, రివాజు ప్రకారం పెనుకొండ వార్డు ఆఫీసులో జమ చేశారు. కాన్పయ్యాక తిరిగిస్తారు. ఈలోగా పూటపూటకీ, మంజూరైన తిండి నమలడానికి మాత్రం అరగంట ఇస్తారు. రసీదు అత్తగారు రుక్కమ్మ బీరువాలో భద్రంగా ఉంది.

చిక్కల్లా, మంజూరైన పెరుగన్నం హరిత కడుపులో నిలవడం లేదు. పది రోజుల్లో రెండు కిలోలు తగ్గింది. ఏది ఇమిడితే అది తినమని డాక్టరమ్మ రాసిచ్చింది. నోరు జమ కాకముందు ఆమెకు ఇమిడింది ఒక్కటే: కార్ల ఫ్యాక్టరీ వచ్చాక వెలిసిన కొరియా హోటల్లో, కూరగాయలూ గుడ్డూ కలిపే బిబింబాప్ అన్నం.

హరిత దరఖాస్తు శ్రద్ధగా రాసింది. అన్నం అప్పుడే వండినదై పొగలు కక్కాలి. గుడ్డు సొన గట్టిపడేదాకా కాల్చాలి. మొలకలు ఉడకాలి. పచ్చి చేప, పచ్చి మాంసం వద్దు. గుమాస్తా ఓబులేసుకు వంక పెట్టడానికేమీ దొరకలేదు. హోటల్నుంచి తెచ్చిన గిన్నెను బల్ల మీద పెట్టించి, ఇంటివాళ్ళ చేతా ఇరుగుపొరుగు చేతా ఒప్పుకోలు సంతకాలు పెట్టించసాగాడు.

"మేమంతా ఇవి తినే బిడ్డల్ని కన్యామా?" అంటూ రుక్కమ్మ సంతకం చేసింది.

"ఆ కారం ముద్ద చూడక్కా, ఇటుకపొడి మాదిరుండాది," అని ఎదురింటి పద్మావతి కాసేపు వాసన చూసి చేసింది.

"అమ్మ చేసిందా?" అని అడిగి భర్త మధుసూదన్ చేశాడు. హరిత సంతకానికి ఫారంలో చోటు లేదు. ఆమె గిన్నె మీద సన్నబడుతున్న పొగనే చూస్తోంది.

ఓబులేసు గిన్నెకు చెయ్యి ఆనించాడు. "చల్లారిపాయమ్మా. చల్లారిన అన్నం కడుపుతో ఉన్నోళ్ళకు ప్రమాదం. మీరే రాసినారు గదా."

ఇలా కావడం ఇది మూడోసారి. మూడోసారి తిరస్కరిస్తే నోటి వాంగ్మూలం తీసుకోవాలని నిబంధన. ఓబులేసు సొరుగులోంచి నోటిని తీసి అడిగాడు: "ఏం తింటావమ్మా?"

నెల రోజులుగా అది ఆఫీసులోనే ఉంది. "మీ ఇష్టమండీ. నాకేదైనా పర్వాలేదు," అంది. గొంతు హరితదే.

"బంగారు తల్లి," అని రుక్కమ్మ కళ్ళొత్తుకుంది.

హరిత కాగితం మీద 'ఆకలేస్తోంది' అని రాసిచ్చింది. వాంగ్మూలంతో సరిపోలలేదని ఓబులేసు దాన్ని మడిచి, ఊగుతున్న బల్లకోడు కింద పెట్టాడు.

పెరుగన్నం వచ్చింది. హరిత ముఖానికి తగిలించగానే నోరు తనంతట తానే తెరుచుకుంది.

"ఎట్లుంది?" అన్నాడు మధుసూదన్.

"బాగుందండీ," అంది నోరు. ఆ మాట అనడానికి హరిత అవసరం పడలేదు.