మసి మహోత్సవం

"ఈ నగరం ఆత్మ సరస్సులో లేదు, మసిలో ఉంది!" అని సాంస్కృతిక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మిల్లు మూతపడి పన్నెండేళ్లయింది. ఊళ్లో మసి పూర్తిగా వదిలాకే ఆ సంగతి బయటపడిందంటే, సంఘం ఎంత తీరిగ్గా ఆలోచించిందో చూడండి!

తీర్మానం అమలు మాత్రం లాండ్రీ పిన్ని నెత్తిన పడింది. ముప్ఫయ్యేళ్లు మిల్లువాళ్ల బట్టల్లో గ్రీజు వదలగొట్టిన చెయ్యి ఆవిడది. సంఘం అధ్యక్షురాలు కారు దిగి, పన్నెండు కొత్త నీలం యూనిఫాంలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఉతకాలాండీ?"

"అయ్యో, వద్దు! మరకలు వెయ్యాలి. మసి మహోత్సవం ప్రారంభోత్సవానికి సంఘ సభ్యులమందరం కార్మికుల దుస్తుల్లో వస్తున్నాం. మోచేతుల దగ్గర బాగా కష్టపడ్డట్టు ఉండాలి."

"మోకాళ్ల దగ్గర కూడా కష్టపడమంటారా?"

"పడండి, పడండి! మొహమాటం వద్దు."

పిన్ని నల్లరంగు ఉడకబెట్టింది. పన్నెండు మంది ముప్ఫయ్యేళ్ల చాకిరీ మూడు రోజుల్లో పూర్తయింది!

ప్రారంభోత్సవం మిల్లు పాత పంపుహౌసులోనే. పిన్ని మొగుడు ఫిట్టరు. వయసంతా ఆ పంపుల దగ్గరే గడిపాడు. వాటిని మళ్లీ ఒక్కసారి చూద్దామని ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని భార్యతో బయల్దేరాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "కార్మికుల దుస్తుల్లో వచ్చినవాళ్లకే ప్రవేశమండీ."

"నేను కార్మికుణ్ణే బాబూ!"

"అలా కనబడ్డం లేదు కదండీ. లోపలున్నవాళ్లని చూడండి, ఎంత బాగా కనబడుతున్నారో!"

"వాళ్లని అలా కనబడేట్టు చేసింది నేనేనయ్యా!" అంది పిన్ని, ఒళ్లు మండిపోయి.

అంతలో లోపల కేకలు. ఆ హాలు పక్కనే ఉన్న సరస్సు మట్టం కంటే కిందకి ఉంటుంది. ఊట తోడిపోసే పంపు కాస్తా ఆగిపోయింది. నీళ్లు ఎర్ర తివాచీ మీదికి పాకుతుంటే సంఘ సభ్యులు కుర్చీలెక్కేశారు.

"ఎవరైనా పనివాణ్ణి పిలవండి!" అని అరిచింది అధ్యక్షురాలు.

పన్నెండు యూనిఫాంలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి.

ఫిట్టరు వాచ్‌మన్‌ని పక్కకి నెట్టి పరుగెత్తాడు, వెనకే పిన్నీ. పంపు ముందు మోకాళ్ల మీద కూలబడి, చెయ్యి భుజందాకా లోపలికి పెట్టి, "ఏమే, నన్ను మర్చిపోయావా?" అని గొణిగాడు. పావుగంటకి పంపు దగ్గి, గురకపెట్టి, నడిచింది. తెల్లచొక్కా నల్లబడింది. కానీ ఆయన మొహంలో అంత వెలుగు పిన్ని పన్నెండేళ్లుగా చూడలేదు. చొక్కా సంగతే మర్చిపోయిందావిడ.

చప్పట్లు మోగాయి. ఫిట్టరు ఆయాసంగా ముందువరస సోఫాలో కూర్చోబోయాడు.

"అక్కడొద్దు! అక్కడొద్దు!" అధ్యక్షురాలు పరుగున వచ్చింది. "ఏమీ అనుకోకండి. మీది... అంటుకునే మరక కదా!"

ఫిట్టరు వెళ్లి గోడవార నిలబడ్డాడు. ముఖ్య అతిథి మైకు అందుకుని, "కార్మికుడి స్థానం మన గుండెల్లో!" అన్నాడు గద్గదంగా. హాలంతా మళ్లీ చప్పట్లు. ఫిట్టరు కూడా కొట్టబోయి, చేతులు చూసుకుని మానేశాడు.