ముఖాన్నిబట్టి దేశం

విశాఖపట్నంలో ఎవరి ముఖం చూసి ఏ దేశమని తేలిస్తే, దీపాలు పెట్టేవేళకి వాళ్లు ఆ దేశం వాళ్లే అయిపోతారు. ఇంట్లోవాళ్లూ అలాగే అనుకుంటారు. బలవంతమేమీ ఉండదు, పాత సంగతులు మనసులోంచి జారిపోతాయి, అంతే. కిందటేడు బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆసిరయ్యని శ్రీలంకవాడని తేల్చారు. ఆ సాయంత్రమే భార్యాపిల్లలు అతని మంచం తీసి గోడకి నిలబెట్టేశారు. ఎవరికీ కోపం లేదు. ఆసిరయ్యకీ లేదు.

అందుకే ముఖనిర్ణయ కార్యాలయం నుంచి పిలుపు రాగానే చిత్రాంగద గుండెల్లో రాయి పడింది. ఆమె పుట్టింది కంచరపాలెంలో. అక్కడే ఓ మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు ముక్కలు అమ్ముతుంది. కళ్లు మాత్రం మణిపూర్ నుంచి వచ్చిన నాన్నవి. ఆయన పోయాక ఇంట్లో ఉన్నది ఆమె, తల్లి వరహాలమ్మ. వరహాలమ్మ కూతుర్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఎప్పుడు చూసినా "ఏటే" అనడమే. దేశం ఏదైతేనేం గానీ, ఆ పిలుపు పోతే తను బతకలేదని చిత్రాంగదకి తెలుసు.

ముఖనిర్ణయాధికారి చలపతిరావు పెద్దమనిషి. ఫ్యాను తనవైపు నుంచి ఆమెవైపు తిప్పి, టీ తెప్పించి, ముఖాన్ని తీరిగ్గా చూశాడు.

"థాయిలాండ్ అందామంటే ముక్కు అడ్డొస్తోంది. నేపాల్ అంటే చెంపలు ఒప్పుకోవు."

"మాది కంచరపాలెమండి."

"ఊరు కాదమ్మా, నేనడిగేది దేశం."

"ఈ దేశమేనండి. మా నాన్నగారిది మణిపూర్."

"మణిపూర్ ఏ దేశం కిందికొస్తుందో మా శాఖ ఇంకా తేల్చలేదు," అన్నాడాయన నొచ్చుకుంటూ. తేల్చనందుకు ఆయనకి నిజంగానే బాధగా ఉన్నట్టుంది.

తర్వాత ఆయన పని పక్కన పెట్టి కబుర్లలో పడ్డాడు. అల్లుడు ఆఫీసు పనిమీద జపాన్ వెళ్లొచ్చాడట. అక్కడి రోడ్ల మీద కాగితం ముక్క కనపడదట. చిత్రాంగద "ఊఁ" అంది. రైలు కాస్త ఆలస్యమైతే రైలువాళ్లే క్షమాపణ చెబుతారట. "ఊఁ" అంది. మనుషులు వంగి వంగి దణ్ణాలు పెడతారట. "ఊఁ."

"మీరూ అక్కడివారే కదా."

"ఊఁ."

ఆయన ముద్ర వేసేశాడు.

చిత్రాంగద కుర్చీలోంచి లేచి నిలబడింది. "సార్, అది ఊకొట్టడమండీ! ఒప్పుకోవడం కాదు. పెద్దవాళ్లు చెబుతుంటే ఊకొట్టకపోతే మా అమ్మ వీపు చీరేసేది. తెలుగువాళ్లం కాబట్టేనండీ ఊకొడతాం!"

చలపతిరావు జాలిగా చూశాడు. "వాళ్లూ కొడతారమ్మా. మాట మాటకీ 'హై, హై' అంటూనే ఉంటారట. మా అల్లుడు చెప్పాడు. నాకు కాస్త అనుమానం ఉండేది. ఇప్పుడది కూడా తీరిపోయింది."

టీ చాలా బాగుందని చెప్పి ఆమె బయటికొచ్చింది. అలా ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. బస్సులో కండక్టరు టిక్కెట్టిస్తూ "వెల్కమ్" అన్నాడు. మ్యాచింగ్ సెంటర్ ఓనరు ఆమెని గుమ్మంలోనే నిలబెట్టి, ఏ రంగు చీరకి జాకెట్టు కావాలో వేళ్లతో సైగ చేసి అడిగాడు. ఆమె అక్కణ్ణుంచి పరుగులాంటి నడకతో ఇంటికి చేరేసరికి వరహాలమ్మ గుమ్మంలో దీపం పెడుతోంది.

"అమ్మా," అంది చిత్రాంగద.

వరహాలమ్మ తలెత్తింది. ముఖంలో మర్యాద తప్ప ఇంకేమీ లేదు. గబగబా కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది. "రండమ్మా, కూకోండి. ఎండనపడి వొచ్చినట్టున్నారు."

"అమ్మా, నేనే. చిత్రని."

"అబ్బ! తెలుగు ఎంత బాగా మాటాడతన్నారు! ఎక్కడ నేర్సుకున్నారేటి?"

చిత్రాంగద కుర్చీలో కూర్చుంది. ఏడిస్తే ఈవిడ కంగారుపడుతుంది, పొరుగువాళ్లని పిలుస్తుంది. అతిథి ఏడవడం బాగుండదు.

"మా అమ్మ దగ్గరండి," అంది.

"ఆ తల్లి సల్లగుండాల," అంది వరహాలమ్మ మనస్ఫూర్తిగా. మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, ఆమె తాగేదాకా నిలబడి, వీధివైపు చూసింది. "సీకటి పడిపోతంది. మరి బయల్దేరండమ్మా. మీ అమ్మ ఎదురుసూత్తుంటాది."

"నిజమేనండి," అని చిత్రాంగద చెప్పులు వేసుకుంది.