యంత్రం రాసినది, చేత్తో దిద్దరాదు

మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం వల్లే కాపురాలు చెడిపోతున్నాయని నాకు చాలాకాలంగా అనుమానం. ఇప్పుడు రుజువు దొరికింది. దాని పేరు ఏపీఐ క్లయింట్ లైబ్రరీ.

కంగారు పడకండి. నాకూ మొదట్లో నోరు తిరగలేదు. మా తమ్ముడూ మరదలూ ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగులే. ఒకే కంపెనీ, ఒకే పని, అదీ ఇంట్లోంచే. వాళ్ళ మేడ మీద గదిలో నేనుంటాను కాబట్టి, భోజనాల దగ్గర వినీ వినీ ఈ విద్య నాకూ కాస్త అబ్బింది. పశువుల ఆస్పత్రి కోసం వాళ్ళు ఒక వెబ్ అప్లికేషన్ తయారు చేస్తున్నారు. కుక్కకో పిల్లికో ఒంట్లో బాగాలేకపోతే అందులో అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. వివరాలన్నీ దాచి, అడిగినప్పుడు ఇచ్చే సర్వర్ పని మరదలిది. మన కళ్ళకు కనిపించే తెర పని తమ్ముడిది. ఆవిడది వంట, వాడిది వడ్డన అనుకోండి.

పూర్వం ఈ రెంటికీ మధ్య ఎంత రభస! "పిల్లి వయసు ఏ పేరుతో పంపుతున్నావ్?" అని వాడు ఈ గదిలోంచి కేక. "నిన్ననే చెప్పాను కదండీ" అని ఆవిడ ఆ గదిలోంచి. మధ్యలో ఒక విసుగు, ఒక నవ్వు, ఎవరో ఒకరు లేచి వెళ్ళి టీ పెట్టడం. ఎంత టైము వేస్టు!

ఇప్పుడా బాధ లేదు. సర్వర్ని ఏమేం అడగవచ్చో, అది ఏమేం ఇస్తుందో మరదలు ఒక స్పెసిఫికేషన్‌లో రాసి పెడుతుంది. ఒక్క కమాండ్ కొడితే చాలు, అది చదివి యంత్రమే ఆ క్లయింట్ లైబ్రరీ మొత్తం, అంటే తెరకూ సర్వర్‌కూ మధ్య కబుర్లు మోసే ఫైళ్ళన్నీ, రాసేస్తుంది. తమ్ముడు అందులోంచి తనకు కావలసింది వాడుకుంటాడు. మనిషితో పనే లేదు. స్పెసిఫికేషన్ అలగదు, మూతి ముడవదు, పోయినేడాది సంగతి తవ్వి తీయదు. నాగరికత అంటే ఇంకేమిటండీ?

నియమం ఒక్కటే. యంత్రం తను రాసిన ప్రతి ఫైలు నెత్తినా ఒక ముక్క రాసుకుంటుంది: ఇది యంత్రం రాసినది, చేత్తో దిద్దరాదు.

మా తమ్ముడు దిద్దాడు.

మరదలి సర్వర్ బరువును గ్రాముల్లో పంపుతుంది. తెర మీద కిలోల్లో కనిపించాలి. వెయ్యితో భాగించే ఆ కాస్త పనీ వాడు తన వైపు చేసుకుంటే సరిపోయేది. మనవాడికి బద్ధకం. యంత్రం రాసిన ఫైల్లోకే దూరి భాగించేసి, ఎవరికీ చెప్పకుండా చేతులు దులుపుకున్నాడు. కొన్నాళ్ళకు మరదలు ఏదో కొత్త వివరం చేర్చి లైబ్రరీని మళ్ళీ రాయించింది. యంత్రం పాతది తుడిచేసి కొత్తది రాసింది. వాడి దిద్దుబాటు గాల్లో కలిసిపోయింది.

మర్నాడు ఆస్పత్రి నుంచి ఫోను. ఒక పిల్లి బరువు నాలుగు వేల కిలోలు చూపిస్తోందట. ఆ లెక్కన నులిపురుగుల మందు బకెట్టెడు పట్టించాలట. డాక్టరుగారు పిల్లిని కళ్ళారా చూశారు కాబట్టి అది బతికిపోయింది.

"నా పని తుడిచేసింది" అన్నాడు తమ్ముడు మీటింగ్‌లో, అందరి ముందూ. "పైన అంత స్పష్టంగా రాసుంటే చదవలేదా?" అంది మరదలు, అదే అందరి ముందూ. అంతే, ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి.

మీరు అయ్యో అంటారు. నేను భేష్ అంటాను. మాటలు ఆగితే అప్లికేషన్ ఆగిందా? ఇంకా జోరుగా నడిచింది! ఆవిడ స్పెసిఫికేషన్ రాస్తుంది, యంత్రం లైబ్రరీ రాస్తుంది, వాడు వాడుకుంటాడు. ఈ టీములో సమన్వయం అద్భుతమని మేనేజరు మెచ్చుకున్నాడట. ఇద్దరూ చెరో గదిలోంచి థాంక్స్ చెప్పారు.

చిక్కల్లా ఇంటితోనే. ఇంటికి క్లయింట్ లైబ్రరీ లేదు. ఆ ఉద్యోగం నా నెత్తిన పడింది.

"అక్కా, గీజరు రిపేరుకి ఫోన్ చేసిందేమో నీ మరదల్ని అడుగు."

"వదినా, చేశానని మీ తమ్ముడికి చెప్పండి."

ఇద్దరూ కూర్చునేది ఒకే బల్ల దగ్గర. మధ్యలో నేను, చాలాసార్లు నోట్లో ముద్దతో. అయినా అన్న మాట అన్నట్టే అందించాను. ఒక్క అక్షరం కలపలేదు, తీయలేదు.

ఇలా ఉండగా మరదలికి వేరే ఊళ్ళో, వేరే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. "వెళ్తున్నానని మీ తమ్ముడికి చెప్పండి వదినా. ఏమంటారో అడగండి" అంది. అడిగాను. వాడు ప్లేటులోంచి తలెత్తకుండా "తన ఇష్టం అని చెప్పు" అన్నాడు. అందించాను. ఆవిడ మొహం చిన్నబోయింది. లేచి వెళ్ళి అటక మీది సూట్‌కేసు దించింది.

కాసేపాగి వాడి గదిలోకి వెళ్ళాను. ఆపేసి ఉన్న కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"వెళ్ళొద్దని చెప్పొచ్చు కదరా" అన్నాను.

"అడిగితే చెప్పేవాణ్ణి."

"అడిగింది కదా."

"నిన్నడిగింది. నన్ను కాదు."

చూశారా లైబ్రరీ గొప్పతనం? స్పెసిఫికేషన్‌లో ఉన్నది పొల్లు పోకుండా మోస్తుంది. లేనిది చచ్చినా మోయదు. "వెళ్ళొద్దు" అన్న మాట ఎవరూ అందులో రాయలేదు మరి. నాకు వాడి మీద ఒళ్ళు మండింది, జాలీ వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మరదలు సూట్‌కేసు మూతపడక తంటాలు పడుతోంది. సాయం చేద్దామని వెళ్ళి దానిమీద కూర్చున్నాను. కూర్చుని, చేత్తో దిద్దేశాను.

"వాడు వెళ్ళొద్దంటున్నాడు అమ్మాయ్. నువ్వు లేకపోతే బతకలేడట. పిల్లి విషయంలో తప్పంతా తనదేనట."

మరదలు నన్ను ఎగాదిగా చూసింది. "తప్పు తనదని ఆయనే అన్నారా?"

"అన్నాడు."

"మీ తమ్ముడు?"

ఆవిడ సర్వర్ మనిషి. వచ్చినదాన్ని తనిఖీ చేయకుండా లోపలికి రానివ్వదు. తిన్నగా వాడి గదికి వెళ్ళి తలుపు తోసింది. నేను సూట్‌కేసు మీద నుంచి లేవలేదు.

"తప్పు మీదేనన్నారట?"

"నేనెప్పుడన్నాను?"

"నేను లేకపోతే బతకలేనన్నారట?"



"తప్పు నాదని మాత్రం అనలేదు" అన్నాడు వాడు.

ఆ తరువాత గ్రాములా కిలోలా అని మొదలైన గొడవ చీకటి పడేదాకా సాగింది. మధ్యలో ఒక విసుగు, ఒక నవ్వు వినిపించాయి. ఎవరో వెళ్ళి టీ పెట్టారు. ఆ కంపెనీకి ఏం జవాబు వెళ్ళిందో నేను అడగలేదు. సూట్‌కేసు మళ్ళీ అటకెక్కింది. అప్పుడు ఇద్దరూ కలిసి నా మీదికొచ్చారు. "మా మాటలు మార్చి చెప్పడానికి నువ్వెవరు?" అని వాడు, "అదే కదా" అని ఆవిడ.

కాబట్టి క్లయింట్ లైబ్రరీలు వర్ధిల్లాలి. ఆ ఉద్యోగం యంత్రాలే చేసుకోవాలి. నేను మాత్రం రాజీనామా ఇచ్చేశాను. ఇవాళ వాళ్ళిద్దరూ బల్లకు అటూ ఇటూ కూర్చుని పిల్లి బరువు గురించి నేరుగా కొట్లాడుకుంటుంటే, ఎన్నాళ్ళకో కడుపునిండా భోంచేశాను.