ట్రౌట్ రాజధానిలో ఈగ

అక్టోబరు మొదటి సోమవారం ఉదయం పదిన్నరకి మా అర్చాలీ పట్టణం దేశానికి ట్రౌట్ రాజధాని అయింది. ప్రకటించినవారు మా జిల్లా అకిమ్ షర్షెన్‌బెక్ గారు. అకిమ్ అంటే జిల్లాకి పెద్ద. ఎండా వానా తప్ప మిగతావన్నీ ఆయన సంతకంతోనే నడుస్తాయి. సంస్కృతి భవనం మెట్ల మీద నిలబడి, "నేటి నుంచి ప్రపంచంలో ఎవరు ట్రౌట్ అన్నా మన పేరే గుర్తుకు రావాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా వారపత్రిక 'చాగిల్ వార్త'కి సంపాదకుణ్ణీ, ఫొటోగ్రాఫర్నీ, సైకిల్ మీద పంచేవాణ్ణీ నేనే కాబట్టి, నోట్‌బుక్ చంకలో పెట్టుకుని నేనూ కొట్టాను.

అప్పటికి మా చాగిల్ నదిలో ట్రౌట్ చేప ఒక్కటీ లేదు. అది ఇబ్బందిగా ఎవరూ అనుకోలేదు. అకిమ్ గారి బావమరిది మామత్ మూడేళ్ళుగా నది అడుగునుంచి కంకర తవ్వి తీస్తున్నాడు. పన్నెండు లారీలు. అభివృద్ధి అన్నాక కంకర కావాలి కదా. నీళ్ళు మజ్జిగ రంగుకి తిరిగాయి. మజ్జిగ రంగు కళ్ళకి చలువ అని అప్పట్లో నేనొక సంపాదకీయం కూడా రాశాను.

నదిలో ఆఖరున మిగిలిన ట్రౌట్‌లని బకెట్లలో మోసుకుపోయి, ఊరి చివర ఊటగుంటలో బతికించింది బుర్మాకాన్ ఎజె. ఎజె అంటే అక్క. అరవై దాటిన ఆవిడ ఊరందరికీ అక్కే. ఒకప్పుడు నది మీద చేపల కాపలా ఉద్యోగం చేసేది. ఉద్యోగం తీసేశారు గాని ఆవిడ కాపలా మానలేదు. ముప్ఫై ఒక్క తల్లి చేపలు, వాటికి నలుగురు మొగుళ్ళు. తల్లులు ఒక్కొక్కటీ మోచేతి పొడవు, ఒళ్ళంతా ఎర్ర చుక్కలు. ట్రౌట్ గుడ్లు పెట్టేది పారే నీళ్ళలో, కంకరరాళ్ళ సందుల్లో. నది తేటపడి, రాళ్ళు రాళ్ళ చోట ఉంటే ఈ అక్టోబరులోనే వాటిని వదలాలని ఆవిడ ఆశ. వచ్చే ఏటికి అవి ముసలివైపోతాయి, ఇక చాగిల్ ట్రౌట్ అనేది ఉండదు. ఈ విషయం మీద మా పత్రికకి నాలుగు ఉత్తరాలు రాసింది. చోటు చాలక వేయలేకపోయాను.

రాజధాని ప్రకటన చదివి, రాజధాని చేపని రుచి చూడ్డానికి ఇరవయ్యో తేదీన వస్తున్నానని మంత్రి గారు కబురు పంపారు. అకిమ్ గారు వెంటనే మీటింగ్ పెట్టారు.

మా దగ్గర విందంటే గొర్రె. అందులో ఏ ముక్క ఎవరి ముందు పెట్టాలో తాతల నాడే తేలిపోయింది. ముక్క మారితే రెండు తరాల పాటు మాటలుండవు. చేప సంగతి మాత్రం ఎవరూ తేల్చిపోలేదు.

"తల మంత్రి గారికి," అన్నారు అకిమ్. "తుంటి ఉపమంత్రికి."

పశువైద్యుడు లేచాడు. "బైకే, చేపకి తుంటి లేదు."

బైకే అంటే అన్నయ్యా అని. ఆఫీసర్లందరూ మాకు అన్నయ్యలే.

"లేదా? ఎవరి నిర్లక్ష్యం అది?"

"పుట్టుకతోనే లేదు బైకే."

"పోనీ తొడ?"

"తొడా లేదు."

"పక్కటెముకలు?"

"ఉన్నాయి. గొంతులో అడ్డం పడతాయి."

"మరి ఉపమంత్రి ముందు ఏం పెట్టమంటావయ్యా, తోకా? తోక పెడితే మన రోడ్డు ఫైలు ఆయన బల్ల దాటుతుందా?"

చివరికి అకిమ్ గారికే తట్టింది. మనిషికో చేప, నిండు చేప, తలతో సహా పెట్టేస్తే ఎవరికీ అవమానం ఉండదు. మంత్రితో కలిపి అతిథులు ముప్ఫై ఒక్కరు. గుంటలో తల్లి చేపలు ముప్ఫై ఒకటి. ఇంత కచ్చితమైన ప్రణాళిక మా జిల్లా ఎన్నడూ ఎరగదు.

సాయంత్రం అకిమ్ గారి వెంట నేనూ ఊటగుంటకి వెళ్ళాను.

"ఎజే, చేపలు కావాలి."

"ఎన్ని?"

"అన్నీ."

బుర్మాకాన్ ఎజె చేతిలోని మేత నీళ్ళలో చల్లేసి, చేతులు గౌనుకి తుడుచుకుంది. "నదికని దాచాను షర్షెన్. నీ బావమరిది లారీలు ఆపితే ఈ వారమే వదిలేస్తాను."

"నది ఎక్కడికి పోతుంది ఎజే, ఇక్కడే ఉంటుంది. మంత్రి గారు వెళ్ళిపోతారు."

ఆవిడ మేత డబ్బాకి మూత పెట్టింది. "సరే తీసుకుపో. అన్నీ పద్ధతి ప్రకారమే కదా?"

"నా విందులో పద్ధతి ఎప్పుడు తప్పింది?"

"అయితే కోసే ముందు ప్రాణంతో అతిథి ముందుకి తేవాలి. ఆయన అరచేతులు చాపి బాతా ఇవ్వాలి, దీవించాలి. అందరూ ఓమీన్ అని మొహం నిమురుకోవాలి. ఆ తర్వాతే కత్తి."

"అది గొర్రెకి కదా ఎజే?"

"మంత్రి గారికి పెట్టేది గొర్రె కన్నా తక్కువదా?"

అకిమ్ గారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "రాసుకో సాపార్," అన్నారు నాతో. "మన జిల్లాలో చేపకి కూడా బాతా."

ఇరవయ్యో తేదీకి రెండు రోజుల ముందే లారీలని కొండ వెనక దాచారు. నీళ్ళు తేటపడ్డాయి. గట్టున తెల్లటి డేరా వేసి, ముందు ముప్ఫై ఒక్క బకెట్లు బారుగా పెట్టారు. సన్నగా మంచు పడుతోంది. కుర్చీలు మొయ్యడానికి వచ్చిన పన్నెండు మంది లారీ డ్రైవర్లు వెనక నిలబడ్డారు. మంత్రి గారు మొదటి బకెట్ ముందుకొచ్చి, అరచేతులు చాపి, సెక్రటరీ పట్టుకున్న కాగితం చూసి అందుకున్నారు.

"ఈ జీవి వంశం వర్ధిల్లాలి. దీని ఉన్ని దట్టంగా పెరగాలి..."

"మంత్రి గారూ, ఒక్క మాట," అంది బుర్మాకాన్ ఎజె. "ఇది కడుపుతో ఉంది."

చాపిన చేతులు చాపినట్టే ఉండిపోయాయి. కడుపుతో ఉన్న జీవం మీద మా దగ్గర ఆకలితో మాడేవాడు కూడా కత్తి పెట్టడు. పైగా మార్చిలో ఎన్నికలు.

"పక్కది?" అన్నారు మంత్రి గారు.

"అదీ అంతే."

"దాని పక్కది?"

"ముప్ఫై ఒకటీ అంతే, మంత్రి గారూ."

మంత్రి గారు తల మాత్రం తిప్పారు. "షర్షెన్‌బెక్, నాకు ముప్ఫై ఒక్క గర్భిణులని వండిపెడుతున్నావా?"

అకిమ్ గారు పశువైద్యుడి వైపు చూశారు. "నన్ను తుంటి గురించే అడిగారు బైకే," అన్నాడు పశువైద్యుడు.

బాతాకి చాపిన చేతులు ఉత్తినే దించకూడదు. మంత్రి గారు గొంతు తగ్గించి, "ఇప్పుడేమనాలి?" అని ఎజెని అడిగారు. ఆవిడ చెవిలో చెప్పింది, ఆయన పైకి అన్నారు. ఈ తల్లులు నదికి చేరాలి. వీటి పిల్లలతో నది నిండాలి. నీళ్ళు తేటగా పారాలి. నది అడుగున ఒక్క రాయి కూడా ఎవరూ కదపకూడదు. తర్వాత, ఆతిథ్యం ఇచ్చినవాణ్ణి మరిస్తే బాగుండదని సొంతంగా ఇంకో మాట కలిపారు. "మన షర్షెన్‌బెక్ వచ్చే ఏటికి గవర్నర్ కావాలి."

"ఓమీన్," అన్నారందరూ. ఓమీన్ అంటే మాకు తథాస్తు, అన్నాక ఆ మాట దాటకూడదు. రెండు చేతులూ నుదుటి నుంచి గడ్డం దాకా దిగాయి. అకిమ్ గారివి రెండుసార్లు దిగాయి. నేను ఫొటో తీశాను. తర్వాత గొర్రెని కోశారు. తల మంత్రి గారికి, తుంటి ఉపమంత్రికి. విందు ఏ లోటూ లేకుండా జరిగింది.

మర్నాడు బుర్మాకాన్ ఎజె మొగుళ్ళతో సహా చేపలన్నిటినీ నదిలో వదిలేసింది. ఆ మర్నాడు మామత్ లారీలు బయటికి తీయమంటే ఒక్క డ్రైవరూ తాళంచెవి ముట్టుకోలేదు. "ఓమీన్ అన్న నోటితో రాయి ఎత్తితే బండి లోయలో ఉంటుంది, నేను బండి కింద ఉంటాను," అన్నాడు అందరిలోకీ పెద్దవాడు ఎసెన్.

అకిమ్ గారు నన్ను పిలిపించారు. బల్ల మీద నా ఫొటో ఉంది, మొదటి పేజీలో వేసింది.

"ఇందులో అందరూ ఏం చేస్తున్నారు సాపార్?"

"మొహం నిమురుకుంటున్నారు బైకే."

"అని నువ్వు అనుకున్నావు. ఈగలు తోలుకుంటున్నారు."

"ముప్ఫై ఒక్కరూ ఒకేసారి తోలుకున్నారా బైకే?"

"క్రమశిక్షణ."

"టోపీల మీద మంచు కనబడుతోంది."

"మంచుకి తట్టుకునే ఈగ. మా జిల్లాది."

బుధవారం సవరణ వేశాను. డ్రైవర్లు చదువుకున్నారు. ఈగలే అయితే బాతా లేనట్టే కాబట్టి, వచ్చే సోమవారం నుంచి వస్తామన్నారు. అకిమ్ గారి సమయస్ఫూర్తికి నేను ముగ్ధుణ్ణయ్యాను. అంతలో దేశ రాజధానిలోని మంత్రి గారి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. 'మీ పత్రిక ప్రకారం సదరు సమయంలో మంత్రి గారు ఈగలు తోలుకుంటున్నారు గనక, మీ గవర్నర్ పదవి గురించి వారు ఏమీ అననట్టే భావించాలి.'

అకిమ్ గారు రెండు గ్లాసుల టీ తాగి, మూడోది చల్లారబెట్టారు. నది మాటకీ, పదవి మాటకీ కలిపి పడింది ఒకటే ఓమీన్. ఒకదాన్ని ఈగకిస్తే రెండోదీ పోతుంది. కాని ఇలాంటి చిక్కులు విప్పడానికే ఆయన అకిమ్ అయ్యారు.

"రాసుకో. ఎడమ చెయ్యి ఈగని తోలింది, అది నది తాలూకు. కుడి చెయ్యి ఓమీన్ అంది, అది పదవి తాలూకు."

సవరణకి సవరణ ప్రత్యేక సంచికగా వేశాను. వంతెన మీద ఎసెన్ దాన్ని రెండుసార్లు చదివాడు. "అంటే మా రాళ్ళు ఎడం చేతికి వచ్చాయా?" అన్నాడు.

"అలాగే ఉంది."

"అయితే సోమవారమే. మా ఇళ్ళల్లోనూ పొయ్యి వెలగాలి కదా," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వంతెన కింద బుర్మాకాన్ ఎజె గట్టున మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. నీళ్ళు అడుగు దాకా కనబడుతున్నాయి. ఒక తల్లి చేప పక్కకి ఒరిగి, తోకతో రాళ్ళు ఊడ్చి గుంట చేస్తోంది. మజ్జిగ సంపాదకీయాలు రాసుకునే నేను, నా ఊరి నదిలో ఆ పని జరగడం చిన్నప్పటి తర్వాత మళ్ళీ అప్పుడే చూశాను.

"ఇది తొమ్మిదోది," అంది ఎజె. "తక్కినవి ఈ వారంలో గుడ్లు పెట్టేస్తాయి. పిల్లలు బయటికి రావడానికి వసంతం దాకా పడుతుంది."

"సోమవారం లారీలు వస్తున్నాయి ఎజే. ఈ రాళ్ళే ఎత్తుతారు."

ఆవిడ తల ఎత్తలేదు. "మాట నమ్మి వదిలాను సాపార్. అందరూ ఓమీన్ అన్నారు. నువ్వూ అన్నావు."

"నేను ఫొటో తీస్తున్నాను ఎజే."

"నోరు ఖాళీగానే ఉందిగా."

నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళ పత్రికా జీవితంలో అది కొత్త. దాన్ని ఏ కాలమ్‌లో వెయ్యాలో తెలియలేదు.

శనివారం ఇంకో ఉత్తరం వచ్చింది. ప్రజల మధ్య నిలబడి మంత్రి ఈగలు తోలుకోవడమేమిటని రాజధానిలో ప్రతిపక్షం గోల చేసిందట. అందుచేత ఇరవయ్యో తేదీన మంత్రి గారు అర్చాలీకి రానే లేదనీ, ఆ పూటంతా పంటి డాక్టరు దగ్గర ఉన్నారనీ, మా పత్రిక తక్షణం దిద్దుకోవాలనీ ఆజ్ఞ.

అకిమ్ గారు కుర్చీలో జారగిలబడ్డారు. "పదవి పోయింది. పోనీ, కంకరైనా మిగిలింది," అన్నారు. తర్వాత ఫొటో చూశారు. "మరి ఇందులో చేతులు చాపి నిలబడ్డది ఎవరని రాస్తావు?"

"ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి అని రాద్దామా బైకే? దారిన పోయే బాటసారి?"

"భేష్. ఎవరికీ చెడ్డపేరు రాదు."

సంతకం పెట్టారు. మాటలు మాత్రం నావే. ఆ మాటలే ఎందుకు తట్టాయంటే చెప్పలేను. 'నదిని దీవించినవారు మంత్రి గారు కారు. ఆయన ఎవరో, ఎటునుంచి వచ్చారో, ఎటు వెళ్ళారో ఎవరికీ తెలియదు. ముక్కూ మొహం తెలియని ఒక వృద్ధ బాటసారి. - అకిమ్ షర్షెన్‌బెక్.' ఆదివారం సైకిల్ మీద పంచాను. డ్రైవర్ల ఇళ్ళకి ముందు వెళ్ళాను.

సోమవారం పొద్దున పన్నెండు లారీలూ గట్టు మీద ఉన్నాయి. ఒక్క ఇంజనూ మోగడం లేదు. డ్రైవర్లు టోపీలు తీసి, చేతుల్లో పట్టుకుని నదికేసి నిలబడ్డారు. అకిమ్ గారు జీపు దిగుతూనే కేకలేశారు.

ఎసెన్ పత్రిక చూపించాడు. "ఈ సంతకం మీదేనా బైకే?"

"నాదే. అయితే?"

"ముక్కూ మొహం తెలియని పెద్దాయన. ఎటునుంచి వచ్చాడో తెలియదు. మంచులో వచ్చాడు, నదిని దీవించాడు, మాయమైపోయాడు. అలా వచ్చేది ఎవరు బైకే?"

ఎవరూ ఆ పేరు పైకి అనలేదు. అనక్కర్లేదు. కిదిర్ తాత తెలియని బాటసారి వేషంలో వస్తాడనీ, ఆయన చెయ్యి చాపిన చోట సిరి ఉంటుందనీ, ఆయన మాట దాటినవాడి ఇంటి గడప ఎండిపోతుందనీ మా ఊళ్ళో ఉయ్యాల్లో పిల్లలకి కూడా తెలుసు. మామత్ అప్పటికే తన కారు దిగి టోపీ తీసేశాడు.

అకిమ్ గారు పత్రిక తీసుకుని, తను సంతకం పెట్టిన మూడు వాక్యాలూ మెల్లగా చదివారు. ఆయన చదవడం నేను చూడ్డం అదే మొదటిసారి. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని జీపు వెనక్కి తీసుకుపోయారు.

"సాపార్, ఆ పెద్దాయన నా పేరు కూడా చెప్పాడు కదూ?"

"చెప్పారు బైకే. గవర్నర్ కావాలన్నారు."

"నది మాట కూడా అదే నోటితో అన్నాడా?"

"అదే నోటితో, అంతకు ముందే అన్నారు బైకే."

ఆయన కోటు గుండీలు పైదాకా పెట్టుకున్నారు. తర్వాత బావమరిదిని పిలిచి, మధ్యాహ్నంలోగా లారీలన్నీ గట్టు మీదనుంచి తీయించమన్నారు.