లోడ్ మేనేజ్‌మెంట్ అనగా బండలు దింపుట

ఆటగాళ్లకు అసలు శత్రువు ఎవరో తెలుసా మీకు? ఎదుటి జట్టు కాదు, ఎండ కాదు, అంపైరు అంతకన్నా కాదు. ఆట! అవును, ఆటే. ఆడితే అలిసిపోతారు, అలిసిపోతే దెబ్బలు తగిలించుకుంటారు, దెబ్బలు తగిలితే ఓడిపోతారు. కాబట్టి పెద్ద పోటీలకు ముందు ఆటగాళ్లను ఆట దరిదాపులకు రానివ్వకూడదు. ఇదేదో నోటికొచ్చినట్టు అంటున్న మాట కాదండీ. కాలేజీ ముద్ర వేసిన కాగితం మీద నా చేత్తో నేనే రాసిన మాట. ఆ కాగితం సంగతి చివర్లో చెబుతాను.

ముందు నా అర్హతలు మనవి చేసుకోవాలి. నందికొట్కూరుకూ ఆత్మకూరుకూ మధ్య ఎక్కడో ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో నేను కామర్స్ లెక్చరర్ని. అమ్మాయిల బేస్‌బాల్ జట్టుకు మేనేజర్ని కూడా. బేస్‌బాల్ గురించి నీకేం తెలుసని మాత్రం అడక్కండి. మా కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ పోస్టు తొమ్మిదేళ్లుగా ఖాళీ. ఆ ఖాళీ కుర్చీనీ, మూడో పీరియడ్ తర్వాత ఖాళీగా కూర్చునే నన్నూ చూసి ప్రిన్సిపాల్ ఓబుళేశు సారు ఇద్దరినీ కలిపేశారు. "ఏముండాదప్పా అందులో, మేనేజ్ చెయ్యి" అన్నారు.

మేనేజ్! ఎంత గొప్ప మాట! ఇంగ్లీషు వాళ్లు దాన్ని ఏ అర్థంలో వాడుకుంటారో నాకనవసరం. మన దగ్గర లెక్చరర్ లేకపోతే మేనేజ్ చేస్తాం. ల్యాబులో సామాన్లు లేకపోతే మేనేజ్ చేస్తాం. పెళ్లిలో రెండో బంతికి పప్పు చాలకపోతే వేడినీళ్లు పోసి మేనేజ్ చేస్తాం. లేనిదాన్ని ఉన్నట్టు చూపించే విద్య అది. ఆ లెక్కన మా జట్టంత చక్కగా మేనేజ్ అయిన జట్టు ఈ రాష్ట్రంలో ఇంకొకటి లేదు.

కావాలంటే సామాన్లు చూడండి. మాకు రెండు బ్యాట్లున్నాయి. ఒకటి వాచ్‌మన్ కంబన్న దగ్గర ఉంటుంది, కుక్కలను తోలడానికి. రెండోది స్టాఫ్ రూమ్ కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టాం. గ్లవ్స్ క్యాంటీన్లో ఉన్నాయి, టీ గిన్నె దించడానికి వాటంత మెత్తటి వస్తువు మరొకటి లేదట. ఇక బేసులు. ఈ ఆటలో బంతిని కొట్టినవాళ్లు పరుగెత్తి ఆ మెత్తలను తొక్కాలి. మా ఫస్ట్ బేస్ ఓబుళేశు సారు కుర్చీలో ఉంది, ఆయనకు నడుం నొప్పి. ఎవరెంత పరుగెత్తినా దాన్ని చేరలేరు!

ఇంత కట్టుదిట్టంగా నడిపినా ఆ అమ్మాయిలు యూనివర్సిటీ పోటీల్లో గెలిచి వచ్చారు. ఎట్లా గెలిచారో మాకెవరికీ అంతుపట్టలేదు. భువన వల్ల అని జట్టంతా చెప్పింది. భువన మా పిచ్చర్. క్రికెట్లో బౌలర్ ఎట్లాగో బేస్‌బాల్లో పిచ్చర్ అట్లా. కర్నూలుకు పడమట, కోసిగి వైపు పల్లె ఆమెది. జొన్నచేలో పిట్టలను తోలడానికి చిన్నప్పటి నుంచి రాళ్లు విసిరిన చెయ్యి. ఏటా మిరపకాయల కాలంలో తల్లి గిడ్డమ్మతో గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలికి వలస పోయేది. డిగ్రీలో చేరాక మానేసింది.

ఆమె కోరికేమిటో ఒకరోజు నేనే అడిగాను. కడపలో జరిగే రాష్ట్ర పోటీల్లో మా జట్టు ఫైనల్ చేరితే అందరికీ సర్టిఫికెట్ వస్తుందట. దాంతో స్పోర్ట్స్ కోటాలో బి.పి.ఎడ్. సీటు వస్తుందట. చదివి ఫిజికల్ డైరెక్టర్ అవుతుందట. తొమ్మిదేళ్లలో ఆ ఖాళీ కుర్చీ మీద కన్నేసిన మనిషిని చూడడం నాకదే మొదలు. ముచ్చటేసింది. అంతకుమించి ఏమీ చేయలేదు.

కడప పోటీలకు మూడు వారాలుందనగా యూనివర్సిటీ నుంచి సర్క్యులర్ వచ్చింది. ఇప్పటినుంచి పిచ్చర్ల విషయంలో లోడ్ మేనేజ్‌మెంట్ తప్పనిసరిగా పాటించాలని అందులో ఉంది. ఓబుళేశు సారు దాన్ని రెండుసార్లు చదివి, అద్దాలు తీసి, నా వైపు మెచ్చుకోలుగా చూశారు.

"మన లోడు సంగతి వాళ్లకెట్ల తెలిసెనప్పా?" అన్నారు.

ఆయన తప్పేముంది చెప్పండి? మా ఊళ్లో లోడు అంటే లారీ లోడే. వేరే అర్థం ఎవరు చెప్పారు గనుక? తనిఖీ కమిటీ వస్తోందని వరండాకు వేయించడానికి కడప బండలు తెప్పిస్తున్నాం, లోడు మర్నాడే దిగాలి. మార్కెట్ యార్డులో మొక్కజొన్న సీజను, హమాలీలు దొరకడం లేదు. లోడును పిచ్చర్లతో మేనేజ్ చేయించమని సాక్షాత్తూ యూనివర్సిటీయే రాసింది! పైగా పోటీలు కడపలో, బండలూ కడపవే. ఆటగాళ్లను అక్కడి నేలకు ముందే అలవాటు చేయడానికి ఇంతకన్నా మంచి శిక్షణ ఉంటుందా?

ఆ మాటకు ఇంకో అర్థం ఉందేమోనని నాకు అనుమానం వచ్చిన మాట నిజం. ఫోన్లో వెతికాను కూడా. భుజం అరిగిపోకుండా పిచ్చర్ వేసే బంతులను లెక్కపెట్టి, తగ్గించి, విశ్రాంతినివ్వడమని ఉంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. సారు అంత సంతోషంగా ఉన్నప్పుడు మధ్యలో వెళ్లి అర్థాలు చెప్పడం మేనేజర్ లక్షణం కాదు.

మర్నాడు పదకొండు మంది అమ్మాయిలు లోడు దింపారు. నేను పక్కన నిలబడి విజిల్ ఊదాను. సగం లారీ ఖాళీ అయ్యాక ఒక బండ దగ్గర ఎవరిదో చెయ్యి జారింది. కిందున్న ఫస్టియర్ పిల్ల కాలి మీద పడబోతుంటే భువన కుడిచేత్తో పట్టి ఆపింది. బండ పగల్లేదు. ఓబుళేశు సారు చాలా సంతోషించారు. భుజంలో ఏదో కలుక్కుమన్నట్టుంది సార్ అని ఆమె నాతో మెల్లగా చెప్పింది. ఐస్ పెట్టమన్నాను. హాస్టల్లో ఫ్రిజ్ లేదన్న సంగతి నాకు ఆ తర్వాత గుర్తొచ్చింది.

దించిన బండలు ఎక్కడ పేర్చాం అంటారా? గ్రౌండులోనే. పిచ్చర్ నిలబడి బంతి వేసే చోటు కాస్త ఎత్తుగా ఉంటుంది, వాననీళ్లు నిలవవని అక్కడే పేర్చాం. దాంతో ప్రాక్టీసు దానంతటదే ఆగిపోయింది. అయినా అమ్మాయిలను ఖాళీగా ఉంచామనుకునేరు! కమిటీ వచ్చిన రోజు గేటుకు రెండు వైపులా నిలబెట్టి పూలు చల్లించాం. పూలు చల్లడం మాత్రం విసరడం కాదా? భువన ఎడమ చేత్తో చల్లింది. కమిటీలో ఒకాయన ఆ అమ్మాయికి పద్ధతి తెలియదన్నాడు.

కడపలో మా జట్టు ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. భువన భుజానికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల వేళకే ఓడిపోయి ఇంటిదారి పట్టాం. మైదుకూరులో బస్సు ఆగితే అందరికీ టీ చెప్పాను. ఎవరూ దిగలేదు. నేనొక్కణ్ణే తాగాను, బాగానే ఉంది.

నాలుగు రోజులకు గుంటూరు వైపు మిరపచేల నుంచి గిడ్డమ్మ ఫోన్ చేసింది. పోట్లాడుతుందేమోనని భయపడ్డాను. పోట్లాడితే మేనేజ్ చేయడం నాకు చేతనవును. ఆమె పోట్లాడలేదు.

"సారూ, సీటు యాటికి పాయ. పాపను సుగ్గికి తోలుకొచ్చుకుంటా. మిరపకాయలు తెంపేకైనా ఆ చెయ్యి వస్తాదా?" అని అడిగింది.

నెల రోజులు పడుతుందన్నాడు డాక్టరు అని చెప్పాను. నెలకు సుగ్గి అయిపోతాది సారూ అని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. జట్టు పిచ్చర్ ఎట్లా గాయపడిందో రాసి పంపమని యూనివర్సిటీ అడిగింది. బండల మాట రాస్తే కమిటీ దాకా పోతుందని ఓబుళేశు సారు బాధపడ్డారు. ఆయన చెబుతుంటే నేను రాశాను: "పోటీలకు ముందు అతిగా ప్రాక్టీసు చేయుట వలన విద్యార్థిని గాయపడినది. ఆటగాళ్లకు ఆటయే హాని చేయుచున్నందున, ఇకపై పోటీలకు ముందు వారిని ఆటకు దూరముగా ఉంచవలెనని మనవి." ఈ వ్యాసం మొదట్లో మీరు చదివిన సిద్ధాంతం పుట్టింది అక్కడే. కింద గాయపడిన విద్యార్థిని సంతకం ఉండాలి.

భువనను పిలిపించాను. నిలబడే కాగితమంతా చదివింది.

"ప్రాక్టీసు యాడ చేసినా సార్? నేను నిలబడే తావులో బండలుండాయి గదా" అంది.

బండలు ఇప్పుడు వరండాలో ఉన్నాయమ్మా, చూడు ఎంత నున్నగా ఉన్నాయో అన్నాను. నిజంగానే నున్నగా ఉన్నాయి. ఆమె వాటివైపు చూడలేదు. నా పెన్ను తీసుకుని, కుడిచెయ్యి బల్ల మీదికి లేవకపోతే ఎడమ చేతికి మార్చుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నట్టు సంతకం పెట్టి వెళ్లిపోయింది.

ఈరోజు యూనివర్సిటీ ఆఫీసు వాళ్లు ఆ కాగితం వెనక్కి పంపారు. అడ్మిషన్ ఫారంలో ఉన్న సంతకంతో ఇది కలవడం లేదట. ఓబుళేశు సారు ఫస్ట్ బేస్ మీద సర్దుకుని కూర్చుని, పాత సంతకం జిరాక్సు నా ముందు పెట్టారు. "నువ్వే మేనేజ్ చెయ్యప్పా" అన్నారు.

కాగితం ఇదిగో, బల్ల మీద ఉంది. పక్కనే జిరాక్సు, పెన్ను. చిన్న సంతకం, నాలుగు గీతలు, చూసి దించేస్తే అయిపోయే పని. నా కుడిభుజం నిక్షేపంగా ఉంది, దాని మీద ఇంతవరకు ఏ లోడూ పడలేదు. అయినా పొద్దుటి నుంచి ఎందుకో చెయ్యి లేవడం లేదు.