తల్లి పోయిందన్న కబురు

ఆ ఉదయం చేపల డాక్టరుకు ఉన్న పని ఒక్కటే: గుడ్లు పగిలే వేళకు తొట్టె దగ్గర ఉండటం. చేపల డాక్టరు అన్నది చుట్టాలు పెట్టిన పేరు. తీరం దగ్గరి నీళ్లలో కటిల్‌ఫిష్ ఎలా పెరుగుతుందో, ఎలా పిల్లల్ని కంటుందో పరిశోధించడం ఆయన ఉద్యోగం. భయమేస్తే సిరా చిమ్మి పారిపోయే ఆ జీవి ఒకటి ప్రయోగశాల తొట్టెలో నల్లద్రాక్ష గుత్తిలా గుడ్లు పెట్టింది. పిల్లలు బయటికొస్తే సరి, లేదంటే ప్రయోగశాలకు తాళమే అని డైరెక్టరు తేల్చేశాడు.

అందుకే, "కళ్లాసుపత్రికి తోడు రారా" అని అమ్మ అడిగితే, "ఇవాళ కాదమ్మా, ప్రాణం మీదికొచ్చింది" అని చెప్పులేసుకున్నాడు. అమ్మ ఒక్కతే బస్సెక్కింది.

తీరా వెళ్లేసరికి తల్లి కటిల్‌ఫిష్ తెల్లగా పాలిపోయి నీళ్లమీద తేలుతోంది. గుడ్లు పెట్టాక అవి ఎంతోకాలం బతకవని ఆయనకు తెలుసు. అయినా ఇవాళే పోతుందనుకోలేదు. భోజనానికి రానని చెప్పడానికి భార్యకు ఫోన్ చేశాడు.

"తల్లి పోయిందే. ఇప్పుడే చూశాను. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఇంటికి రాను" అనేసి, ఫోన్ సొరుగులో పడేసి, గుడ్ల దగ్గరికి పరుగెత్తాడు.

భార్య చేతిలో గరిటె జారింది. పొద్దున నిక్షేపంలా నడిచి వెళ్లిన అత్తగారు! ఏడుస్తూనే ఆడపడుచుకు చెప్పింది. ఆడపడుచు నమ్మలేక ప్రయోగశాలకే ఫోన్ చేసింది. గుమాస్తా ఎత్తాడు.

"బాబూ, తల్లి పోయిందట, నిజమేనా?"

"నిజమేనమ్మా. పొద్దున్నే పోయింది. ఐస్‌లో పెట్టాం."

"అక్కడెందుకు పెట్టారు?"

"మరి కోసేది ఇక్కడే కదమ్మా! సారు ముందు బరువు తూచి, తర్వాత పొట్ట కోసి చూస్తారు. ఆయనకిది అలవాటే."

ఆమె పెట్టిన గావుకేకకు మొగుడు పరుగున వచ్చాడు. ఆయన కార్యశూరుడు. ఒక ఫోన్‌తో శవాల బండిని మాట్లాడాడు. రెండో ఫోన్‌లో, దుఃఖంతో తన బావమరిదికి మతి చలించిందని డైరెక్టరుకు చెప్పాడు.

కాసేపటికి అందరూ ప్రయోగశాలలో ఉన్నారు. డైరెక్టరు చేతిలో పూలదండ. బావ ఒక్క ఉదుటున డాక్టరు చేతిలోని కత్తి లాక్కున్నాడు.

"కన్నతల్లిని కోయడానికి చేతులెలా వచ్చాయిరా?"

"ఎవరి కన్నతల్లి బావా?"

అక్క ఏడుస్తూ బల్లమీది గుడ్డ లాగింది. పది చేతులు వేలాడేసుకుని కటిల్‌ఫిష్ పడుంది. డైరెక్టరు పూలదండను వెనక్కి దాచాడు.

అప్పుడే ఒక కంటికి కట్టుతో అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఇంటికి తాళం చూసి పక్కింటి తలుపు తడితే, ఆవిడ కెవ్వుమని పడిపోయి, తేరుకున్నాక సంగతి చెప్పిందట.

"పోయింది నేనేనా?" అంది అమ్మ. బల్ల దగ్గరికి నడిచింది. "ఇదేనా? ఏం జబ్బు చేసింది పాపం?"

"జబ్బు కాదమ్మా. గుడ్లు పెట్టింది, దాని పనైపోయింది."

"పిల్లల్ని చూసుకోదూ?"

"అవి పుట్టేసరికి తల్లి ఉండదు."

"అయితే వాటిచేత 'ఇవాళ కాదమ్మా' అనిపించుకునే బాధ తప్పింది" అంది అమ్మ.

డాక్టరు తల దించుకున్నాడు. అంతలో గుమాస్తా కేకేశాడు. గోరంత పిల్లలు ఒక్కొక్కటే గుడ్లు చీల్చుకుని బయటికొస్తున్నాయి. వస్తూనే ఒకటి సిరా చిమ్మింది. ఇక తాళం వేయనని డైరెక్టరు మాటిచ్చాడు.

"నన్నెవరు ఇంటికి తీసుకెళ్తారు? కన్ను సరిగ్గా ఆనట్లేదు" అంది అమ్మ.

డైరెక్టరుకు మీటింగు గుర్తొచ్చింది. అక్క మొగుడి మొహం చూసింది, ఆయన గడియారం చూశాడు. కోడలు పొయ్యి ఆర్పానో లేదో అంటూ అప్పటికే మెట్లు దిగుతోంది. డాక్టరు ఒక అడుగు ముందుకేసి, తొట్టె వంక చూసి ఆగాడు.

"నువ్వుండరా. అవి తల్లిలేని పిల్లలు" అంది అమ్మ. ఆయన ఉండిపోయాడు. హాయిగా ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గేసింది.

ఖాళీగా వెనక్కి తిరుగుతున్న శవాల బండిని అమ్మే చెయ్యెత్తి ఆపి, ముందు సీట్లో కూర్చుంది.

"ఎక్కడ దిగుతారమ్మా?" అన్నాడు డ్రైవరు. తన బండెక్కిన మనిషిని ఆ మాట అడగడం అతనికి అదే మొదలు.