ల్యాప్‌టాప్‌కి ఉన్ని చొక్కా

పదకొండింటికి కోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఒక స్కూలు వాళ్లకు సైన్సు పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. అప్పటిదాకా ల్యాప్‌టాప్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. పొద్దున కాఫీ దగ్గర అనుకున్న ఏర్పాటు ఇంతే. ఇంతపాటి ఏర్పాటు కూడా ఆ ఇంట్లో నిలవదని ఆమెకు తెలిసి ఉండాల్సింది.

ల్యాప్‌టాప్ పాతది. కాసేపు పనిచేస్తే పెనంలా కాలుతుంది, ఆపైన చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది. పాఠం మధ్యలో తెగిపోతే మరో అవకాశం ఉండదని స్కూలు వాళ్లు ముందే చెప్పేశారు. పెళ్లయ్యాక బోర్డు ముందు నిలబడే యోగమే లేకపోయిన మనిషికి ఇది దొరక్క దొరికిన పిలుపు.

స్నానం చేసి వచ్చేసరికి ల్యాప్‌టాప్ బల్ల మీద బోర్లా పడి ఉంది. దాని పొట్ట తెరిచి ఉంది. పక్కన భర్త స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఏదైనా విప్పడమే గానీ బిగించిన దాఖలా లేదు.

"అయ్యో! ఏం చేశారండీ?"

"దుమ్ము! లోపలంతా దుమ్మే! వీడియోలో చూశాన్లే, చిటికెలో పని. ఇదిగో, ఏ స్క్రూ ఎక్కడిదో వరసగా పేపరు మీద పెట్టాను చూడు."

ఆమె చూసేలోగా మామగారు వచ్చారు. ఆయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. వేడి, చల్లదనం తన సొంత ఆస్తులని ఆయన నమ్మకం. "వేడెక్కినదానికి గాలి తగలొద్దుట్రా?" అంటూ టేబుల్ ఫ్యాను స్విచ్చి వేశారు. పేపరు లేచింది. స్క్రూలన్నీ మంచం కిందికి దొర్లుకుపోయాయి.

"నాన్నా!"

"నన్నంటావేంరా? పేపరు మీద పెట్టిందెవరు?"

ముగ్గురూ నేల మీద పాకుతుంటే, అత్తగారు కుట్టుపెట్టెలోంచి సూదులు ఏరుకునే అయస్కాంతం తెచ్చారు. దానికి స్క్రూలు దొరికాయి, సూదులు దొరికాయి, ఆవిడే పారేసిందని మామగారు ఏళ్లుగా సాధిస్తున్న నెయిల్ కట్టరూ దొరికింది. అక్కడ ఇంకో తగువు మొదలవబోయింది గానీ, కోడలి మొహం చూసి ఇద్దరూ తగ్గారు.

బిగించడం పూర్తయ్యాక రెండు స్క్రూలు మిగిలాయి. "కంపెనీ వాళ్లు ఎక్కువ వేసుంటారు" అంటూ భర్త వాటిని జేబులో వేసుకున్నాడు. కానీ విచిత్రం, ల్యాప్‌టాప్ వెలిగింది. ఎంతసేపు నడిపినా చల్లగానే ఉంది. "చూశావా, మన చెయ్యి పడితే అంతే!" అన్నాడు. ఆమెకు కోపం పోయి నవ్వొచ్చింది. తల దువ్వుకోవడానికి లోపలికి వెళ్లింది.

అంతలో అత్తగారు ఒంటరిగా, బోసిగా ఉన్న ల్యాప్‌టాప్‌ని చూశారు. ఆవిడ ఆ ఇంట్లో దేన్నీ అలా వదిలిపెట్టరు. టీవీకి, మిక్సీకి, రిమోట్‌కి, ఆఖరికి గ్యాసు సిలిండరుకు కూడా తొడుగులు అల్లారు. ల్యాప్‌టాప్‌దైతే మందపాటి ఉన్ని. తెర, మీటలు తప్ప అడుగూ పక్కలూ అంతా బిగుతుగా పట్టి ఉంటుంది. రోజూ చూసి చూసి అది ఎవరి కంటికీ ఆనడం మానేసింది. "ఆపరేషనైన ఒళ్లు, చలిగాలి తగిలితే ఎలా?" అనుకుంటూ, కొడుకు విప్పేటప్పుడు తీసి పక్కన పడేసిన ఆ తొడుగును ఆవిడ శ్రద్ధగా తొడిగేశారు.

పదకొండయింది. తెర మీద స్కూలు పెద్దలు ముగ్గురు ప్రత్యక్షమయ్యారు. కోడలు ఉష్ణం గురించి మొదలుపెట్టింది. కాసేపటికే ల్యాప్‌టాప్ గురక అందుకుంది. గురక హోరైంది. మణికట్లు చురుక్కుమన్నాయి. తెర వెనకాల భర్త జేబులోని రెండు స్క్రూలనూ పిసుక్కుంటున్నాడు. మామగారు ఫ్యాను వైపు చెయ్యి చాపితే, కొడుకు ఆ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు.

"అమ్మా, అక్కడేదో హోరు వినిపిస్తోంది?" అన్నారు తెరలోని పెద్దావిడ.

"ఏం లేదండీ." అంది ఆమె. ఇక ఏ క్షణమైనా ఆరిపోతుంది. అయినా చెప్పుకుపోయింది. "దుప్పటి కప్పుకుంటే వెచ్చగా ఎందుకుంటుంది పిల్లలూ? దుప్పట్లో వేడి ఉండదు. మన ఒంట్లో వేడిని అది బయటికి పోనివ్వదు. అదే ఉన్నిదైతే..."

ఆమె నోరు ఆగిపోయింది. చూపు మెల్లగా కిందికి దిగింది.

ఎదురుగా గుమ్మంలో అత్తగారు మురిసిపోతూ నిలబడి ఉన్నారు. కళ్లు నొప్పులు పుట్టేలా అల్లిన తొడుగు. తీస్తే ఆవిడ మొహం ఏమవుతుందో! తీయకపోతే ఉద్యోగం ఆరిపోతుంది. కోడలు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ల్యాప్‌టాప్ ఎత్తి, తొడుగును సర్రున లాగేసింది. గుమ్మంలో "అయ్యయ్యో!" వినిపించింది.

"ఇదిగో పిల్లలూ, ఉన్ని చొక్కా! ఇప్పుడు వినండి" అంది, గుండె చిక్కబట్టుకుని.

అందరూ విన్నారు. హోరు కాస్త తగ్గింది. ఇంకాస్త తగ్గింది. చివరికి గదంతా నిశ్శబ్దమైంది.

పెద్దావిడ చప్పట్లు కొట్టారు. "హోరు పెట్టి మరీ తగ్గించి చూపించారే! ఇంత ఏర్పాటుతో పాఠం చెప్పినవాళ్లను నేను చూళ్లేదమ్మా. సోమవారం నుంచి వచ్చేయండి. ఆ ఉన్ని చొక్కా మాత్రం మర్చిపోకండి, అన్ని క్లాసులకూ చూపించాలి."

తెర మూయగానే కోడలు గుమ్మం దగ్గరికి పరిగెత్తింది. "తప్పయింది అత్తయ్యా, వేరే దారి లేక..." అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఎందుకే ఏడుస్తావు? వాళ్లు అడిగింది నా చొక్కానేగా!" అన్నారు ఆవిడ కోడలి కళ్లు తుడుస్తూ.

మధ్యాహ్నం భోజనాలవగానే ఆవిడ టేప్ తెచ్చి టేబుల్ ఫ్యానుకి కొలతలు తీసుకున్నారు.